నైనిక చెప్పిన బ్యాంకు మాట

మా మనవరాలు నైనిక గెలిచిన తగాదా ఒకటి నేను కళ్ళారా చూశాను. అప్పటికి దానికి పదిహేనేళ్ళుంటాయేమో. అమెరికాలో, షాంటిలీ అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంటికి దగ్గర్లో ఉన్న ఇండియన్ షాపులో, బెండకాయల పెట్టె ముందు జరిగింది. బెండకాయ కొనాలంటే కొస విరిచి చూడాలి. టక్కున విరిగితే లేత, వంగితే ముదురు. ఆ మాత్రం తెలిసినదాన్ని కాబట్టి నేను విరుస్తున్నాను. పెట్టె పైన ఇంగ్లీషులో ఏదో కాగితం అంటించి ఉంది. నాకు ఇంగ్లీషు రాదు. వచ్చినా విరిచేదాన్నే.

షాపు మేనేజరు మన తెలుగువాడే. విసవిసా వచ్చి, "ఏమ్మా, చదువు రాదా? కొసలు విరవొద్దని రాసుంది కదా. నువ్వు విరిచినవన్నీ ఎవరు కొంటారు?" అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళందరూ వినేటట్టు.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. చదువు రాదన్న మాట నన్ను ఎవరైనా అనొచ్చు గాని, ముదురు బెండకాయలు అమ్మేవాడు అనకూడదు. నేను నోరు తెరిచేలోపలే నైనిక వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది.

"అంకుల్, మీరు ఒకటి తీసివ్వండి. లేతది. విరవకుండా."

"ఏంటమ్మా నువ్వనేది?"

"విరవకుండా చూసి ఇవ్వండి. అది మంచిదైతే మా అమ్మమ్మ బ్రేక్ చేసినవన్నీ మేమే కొంటాం."

అతను వెతికి వెతికి సన్నగా పచ్చగా ఉన్నది ఒకటి తీసిచ్చాడు. నైనిక కొస పట్టుకుని వంచింది. అది విల్లులా వంగింది గాని విరగలేదు. ఇంకోటి ఇచ్చాడు. అదీ వంగింది. మూడోది ఇచ్చేసరికి పక్కన కొత్తిమీర ఏరుకుంటున్నావిడ నవ్వేసింది.

"షాప్ మీది. మీకే తెలీలేదు. అమ్మమ్మకి ఎలా తెలుస్తుంది అంకుల్? సారీ చెప్పండి. నాకు కాదు, తనకి."

చెప్పాడు. నేను విరిచినవన్నీ అక్కడే వదిలేసి, ఒక్క కాయ కూడా కొనకుండా బయటికొచ్చాను.

కారెక్కాక "దీనిది ప్లీడరు నోరే" అన్నాను. "డాక్టర్ అవుతుందమ్మా, లాయర్ కాదు" అని మా అమ్మాయి రాగిణి ముందు సీటులోంచి సరిదిద్దింది. నైనిక సీటు బెల్టు పెట్టుకుంది.

అందరి తరఫునా అలా నిలబడేది అది. బడిలో ఎవరినో బస్సు ఎక్కనివ్వలేదని డ్రైవరుతో వాదించిందట. వాళ్ళ నాన్న అమర్‌నాథ్ ఫోన్ కంపెనీవాడితో మాట్లాడలేక విసుక్కుంటే, ఫోను లాక్కుని తను మాట్లాడి పని చేయించేది. తనకి కావలసినది మాత్రం ఎవరినీ అడగగా నేను చూడలేదు. పుట్టినరోజుకి ఏం కావాలంటే "ఎనీథింగ్" అనేది. ఆ మాటకి అర్థం తెలిశాక నాకు ఒళ్ళు మండేది. కావలసినదాని పేరు చెప్పలేని పిల్ల ఏం పిల్ల అని.

పోయిన ఏడాది నేను మళ్ళీ వచ్చేసరికి అది డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో ఉంది. ఇక్కడ డాక్టరు చదువుకి డిగ్రీ అయ్యాకనే పోతారు. దానికి ముందు ఎమ్‌క్యాట్ అని ఒక పరీక్ష రాయాలి. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా రాసే పరీక్ష. నైనిక అప్పటికే రెండుసార్లు రాసింది. రెండుసార్లూ కాలేజీలవాళ్ళు పిలవనంత తక్కువ వచ్చింది. దానితో చదివినవాళ్ళు ఉద్యోగాలకో పెళ్ళిళ్ళకో పోయారు. ఇది కింద బేస్‌మెంట్‌లో బల్ల ముందు ఉండిపోయింది. జుట్టు ముడేసి అందులో పెన్సిల్ గుచ్చుకుని, వాళ్ళ నాన్న పాత స్వెట్టర్ వేసుకుని, పైకి వచ్చినప్పుడల్లా ఎండకి కళ్ళు చిట్లించేది.

విచిత్రం ఏమిటంటే, కెమిస్ట్రీ, ఫిజిక్స్ దీనికి బాగానే వచ్చేవి. దీన్ని ముంచేది సైకాలజీ అట. అంటే మనుషుల మనసుల సంగతి. "అది కామన్ సెన్సే కదా నానీ, కథలు చదివినట్టు చదివెయ్" అని అమర్‌నాథ్ రోజూ టిఫిన్ తింటూ అనేవాడు. అది తల ఊపేది. ఊపినకొద్దీ దాని ప్లేటులో ఇడ్లీ చల్లారిపోయేది.

కంప్యూటర్‌లో పాఠం చెప్పే ఒకాయన దానికి ఒక సలహా ఇచ్చాడు. నీకు వచ్చిందో లేదో తెలియాలంటే, ఏమీ తెలియని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పు, వాళ్ళకి అర్థమైతే నీకు వచ్చినట్టే అన్నాడట. ఈ ఇంట్లో ఏమీ తెలియని మనిషిని నేనేనని తేలింది. మధ్యాహ్నం నేను గోంగూర ఒలుచుకుంటుంటే ఎదురుగా వచ్చి కూర్చునేది.

"ఒకడు ఆఫీస్‌కి లేట్‌గా వచ్చాడు అమ్మమ్మా. బాస్ ఏమనుకుంటాడు?"

"బద్ధకస్తుడనుకుంటాడు."

"రైట్. కానీ రోడ్ మీద యాక్సిడెంట్ అయ్యిందేమో. మనం మనిషిని బ్లేమ్ చేస్తాం, సిచ్యుయేషన్ చూడం. దానికి ఒక పేరుంది."

"మరి మనమే లేటైతే?"

అది నా వైపు వింతగా చూసింది. "మనం లేటైతే ట్రాఫిక్ అంటాం. దానికి ఇంకో పేరుంది. నీకెలా తెలుసు?"

"మీ తాతతో కాపురం చేశాను కదే."

మరో రోజు, బాస్ మీద కోపం వస్తే ఇంటికొచ్చి పిల్లల మీద అరిచేవాడి సంగతి చెప్పింది. దానికీ పేరుందట. "మీ తాత బతికుంటే, తను చేసేదానికి ఇంత పెద్ద పేరుందని మురిసిపోయేవాడు" అన్నాను. నైనిక నవ్వింది. ఆ వేసవిలో దాని నవ్వు నేను విన్నది ఆ వంటింటి బల్ల దగ్గరే.

కానీ కంప్యూటర్‌లో ప్రశ్నలు వచ్చేసరికి తప్పు కొట్టేది. తప్పయితే ఎర్రగా వెలుగుతుంది. నేను పక్కన కూర్చుని, ప్రశ్న తెలుగులో చెప్పించుకుని చూసేదాన్ని. ఒక తల్లి పిల్లవాడిని పట్టించుకోవడం లేదని ప్రశ్న ఉంటే, "పాపం తనకి రెండు జాబ్స్ ఉన్నాయేమో" అనేది. ఒకడు స్నేహితుడికి సాయం చేయలేదంటే, "భయపడి ఉంటాడు" అనేది. ఎరుపు. మళ్ళీ ఎరుపు.

"నువ్వు ప్రతివాడి తరఫునా వాదిస్తున్నావే. వాళ్ళు నిన్ను వాదించమనలేదు. చూసి పేరు పెట్టమంటున్నారు, అంతే" అన్నాను.

అది తెర వైపు తిరిగింది. "అంతే కదా" అంది.

ఆ తర్వాత వాదించడం మానేసింది. ఎరుపు తగ్గింది. నేను నేర్పానని చెప్పుకోను గాని, నేర్పలేదని కూడా చెప్పుకోను. అయితే ఒకటి గమనించాను. పేర్లు పెట్టడం వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో మనుషుల్ని కూడా అలాగే చూడడం మొదలుపెట్టింది. రాగిణి మాట్లాడుతుంటే తల వంచి, పెదాలతో ఏదో ఇంగ్లీషు మాట అనుకునేది. అమర్‌నాథ్ ఏమన్నా అంటే దానికో మాట. చిన్నప్పుడు తల్లీతండ్రీ గొడవపడితే ఇద్దరి మధ్యకీ వెళ్ళి సర్దిచెప్పిన పిల్ల, ఇప్పుడు చూసి, పేరు పెట్టి, కిందికి దిగిపోయేది.

అలాంటి రోజుల్లోనే ఆ మాట విన్నాను. నేను కాఫీ తీసుకుని బేస్‌మెంట్‌లోకి దిగాను. నైనిక తెర ముందు మోచేతులు ఆనించి, తల పట్టుకుని ఉంది. "ఫోర్‌క్లోజర్" అంటోంది. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు.

ఆ మాట నాకు బాగా తెలుసు. అంతకుముందు వచ్చినప్పుడు ఈ వీధి చివర ఒక ఇంటి ముందు గడ్డి మోకాలెత్తు పెరిగిపోయి, తలుపుకి కాగితం అంటించి ఉండేది. ఏమిటని రాగిణిని అడిగితే "ఫోర్‌క్లోజర్ అమ్మా, లోన్ కట్టలేకపోతే బ్యాంక్ ఇల్లు తీసేసుకుంటుంది" అంది. వాళ్ళు మనవాళ్ళేనట. ఎటు పోయారో ఎవరికీ చెప్పకుండా పోయారట. రోజూ నడకకి వెళ్ళినప్పుడు ఆ ఇంటి ముందు తొందరగా నడిచేదాన్ని.

"ఎవరిదే?" అన్నాను.

నైనిక తిరిగి చూసింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "మన ఇంట్లోదే అమ్మమ్మా. తర్వాత చెప్తాను. అమ్మకి చెప్పకు" అంది.

ఇంకేం కావాలి? అల్లుడి ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారని విన్నదాన్నే. ఫోన్ వస్తే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటున్నాడు. రాగిణి కార్పెట్లు మారుస్తానని మానేసింది. అన్నీ కలిపి చూసుకున్నాను. నా కూతురు ఇల్లు పోతోంది, పిల్లకి కూడా తెలిసిపోయింది, నాకు మాత్రం చెప్పలేదు.

ఆ శనివారం అమర్‌నాథ్ స్నేహితుడు విశ్వనాథం, ఆయన భార్య భోజనానికి వచ్చారు. వాళ్ళ అమ్మాయి తన్వి, నైనిక వయసుదే, మెడిసిన్ చదువుతోంది. వాళ్ళు వచ్చినప్పుడల్లా తన్వి సంగతి ఎత్తరు. ఎత్తకపోవడమే పెద్దగా వినపడుతుంది. నేను ఒక లెక్క వేసుకున్నాను. అల్లుడికి విడిగా ఇస్తే వద్దంటాడు. స్నేహితుడి ముందు ఇస్తే వద్దనలేడు. పెరుగన్నం వడ్డించే వేళకి నా చేతి గాజులు తీసి, చేతిరుమాలులో పెట్టి, అల్లుడి కంచం పక్కన పెట్టాను.

"ఏంటత్తయ్యగారూ ఇది?"

"ఇవి అమ్మేయండి బాబూ. ఇల్లు నిలబెట్టుకోండి. నాకు అన్నీ తెలుసు."

"ఇల్లేమయింది?"

"ఫోర్‌క్లోజర్ అట కదా."

విశ్వనాథం చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన భార్య మా అమ్మాయి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. అమర్‌నాథ్ మొహం నల్లబడింది. రాగిణి "అమ్మా, నీకు మతి పోయిందా? ఎవరు చెప్పారు నీకు?" అంది.

"నేనే" అంది నైనిక. "అమ్మమ్మా, అది ఇల్లు కాదు. సైకాలజీ టర్మ్."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. విశ్వనాథం పడీ పడీ నవ్వాడు. "బాగుంది పిన్నిగారూ, మా అమర్‌ని రోడ్డు మీద పెట్టేశారు. చెప్పమ్మా నైనికా, సైకాలజీలో ఏమిటది? మేమూ నేర్చుకుంటాం."

నాకు చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టింది, నా మొహమే చూస్తూ.

"ఒక కిడ్ ఉంటుంది. పేరెంట్స్ ‘నువ్వు ఇది అవుతావు’ అంటారు. కిడ్ ఓకే అంటుంది. తను ఏమీ వెతకదు. ట్రై చేసి చూడదు. ఫైట్ కూడా చెయ్యదు. బయట నుంచి చూస్తే అంతా సెటిల్ అయినట్టు ఉంటుంది. దాన్ని ఫోర్‌క్లోజర్ అంటారు."

"మరి వెతికేవాళ్ళని?"

"మోరటోరియం అంటారు అంకుల్."

"అదీ లోన్ మాటే. ఈ సైకాలజీ రాసింది బ్యాంకువాళ్ళేమో" అని ఆయన ఇంకా నవ్వాడు. అమర్‌నాథ్ కూడా, ఇల్లు పోలేదన్న సంతోషంలో, "పుస్తకంలో ఎగ్జాంపుల్ ఏమిచ్చారు నానీ?" అన్నాడు.

"డాక్టర్ అవ్వాలనుకునే కిడ్ డాడీ. ఎప్పుడూ అదే ఎగ్జాంపుల్. కానీ వాళ్ళ పేరెంట్స్ డాక్టర్స్. మనకి అది కూడా లేదు."

ఎవరూ నవ్వలేదు. విశ్వనాథం భార్య లేచి, కంచాలు తీస్తానంది.

వాళ్ళు వెళ్ళిపోయాక రాగిణి నా మీద పడింది. పరువు తీశానంది. ఇల్లు పోతోందంటే గాజులు తీసిచ్చిన తల్లి పరువు తీసినట్టా అని అడిగాను. అమర్‌నాథ్ మాత్రం అరవలేదు. నైనిక ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సరే. నీకేం కావాలో చెప్పు. డాక్టర్ వద్దు. మరేం కావాలి?"

అది నోరు తెరిచింది. నేను చూస్తున్నాను. ఆ నోరు ఎంతమంది కోసం తెరుచుకోవడం చూశానో. ఒక్క మాట రాలేదు. గోడ వైపు చూసింది, నా వైపు చూసింది, చేతులు చూసుకుంది.

"తెలీదు డాడీ."

"తెలీనప్పుడు డాక్టరే అవ్వు. తెలిశాక మానేద్దువుగాని."

ఆయన ఎగతాళి చేయలేదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అందుకే నాకు భయమేసింది. పిల్ల తల ఊపింది. కిందికి దిగిపోయింది. రుమాలు మూట బల్ల మీదే ఉంది. ఎవరూ తీయకపోతే నేనే తీసి వేసుకున్నాను.

ఆ తర్వాత నా దగ్గరికి పాఠం చెప్పడానికి రాలేదు. అన్నీ వచ్చేశాయంది. నేను బేస్‌మెంట్‌కి వెళ్ళి చూస్తే తెర మీద ఎరుపన్నదే లేదు. ఒకటి తర్వాత ఒకటి పచ్చగా వెలుగుతున్నాయి. దాని మొహంలో ఏమీ లేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నదానిలా నొక్కుకుంటూ పోతోంది. "ఇన్ని కరెక్టయితే కాస్త సంతోషపడవే" అన్నాను. "అవును కదా" అంది, ఇంకోటి నొక్కింది.

పరీక్ష రోజు రాగిణి పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది. అమర్‌నాథ్ సెలవు పెట్టి డ్రైవ్ చేశాడు. నేనూ వెళ్ళాను. పరీక్ష జరిగే చోటు ఒక మామూలు ఆఫీసు భవనం. దాన్ని లోపలికి పంపి మేము కార్‌లోనూ, పక్కనున్న కాఫీ షాపులోనూ ఆ రోజంతా గడిపాము. సాయంత్రం బయటికొచ్చింది. నడక మామూలుగానే ఉంది.

"సైకాలజీ ఎలా ఉంది నానీ?"

"ఈజీ డాడీ. అన్నీ తెలిసినవే వచ్చాయి."

నా అల్లుడి మొహం అలా వెలగడం నేను ఎన్నో ఏళ్ళుగా చూడలేదు. దారిలో ఆగి మిఠాయి కొన్నాడు. విశ్వనాథానికి ఫోన్ చేశాడు. రాగిణి దేవుడి ముందు దీపం పెట్టి, మార్కులు రావడానికి నెల పడుతుందని నాతో పదిసార్లు చెప్పింది. ఇల్లు తేలికపడింది. నైనిక పొద్దెక్కేదాకా పడుకునేది, లేచి తల్లి పెట్టింది తినేది, ఎవరేం అన్నా సరేననేది. నేను మాత్రం మిఠాయి ముట్టుకోలేదు. సంతోషంగా ఉన్న మనిషి అంత నిద్రపోదు.

ఒక సాయంత్రం నన్ను నడకకి తీసుకెళ్ళింది. ఇళ్ళ వెనక చెరువులాంటిది ఒకటి ఉంది, బాతులుంటాయి. అక్కడ బెంచీ మీద కూర్చున్నాము.

"అమ్మమ్మా, ఎగ్జామ్ అంతా అయ్యాక లాస్ట్‌లో స్క్రీన్ ఒకటి అడుగుతుంది. ఈ ఎగ్జామ్ కౌంట్ చెయ్యాలా, కాన్సిల్ చెయ్యాలా అని."

"రోజంతా రాసినవాళ్ళని అదేం అడగడమే?"

"అడుగుతుంది. నేను కాన్సిల్ నొక్కాను. ఇంక స్కోర్ రాదు."

బాతులు ఒడ్డుకి వచ్చి, మా చేతుల్లో ఏమీ లేదని చూసి వెళ్ళిపోయాయి. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"మరి అన్నీ వచ్చాయన్నావు కదే మీ నాన్నతో."

"వచ్చాయి. అబద్ధం కాదు. అన్నీ వచ్చాయి, అందుకే. ఇది దాటితే ఇంక ఎక్కడా ఆగలేను అనిపించింది. నొక్కేశాను. నొక్కాక హ్యాపీగా ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు అమ్మమ్మా. లోపల ఏమీ లేదు. నేను ఇప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలీదు. ఎప్పటికైనా తెలుస్తుందని కూడా అనిపించట్లేదు."

"నేను చెబుతాను మీ నాన్నకి. దానికి ఇష్టం లేదు, బలవంతం చేయొద్దని ముఖం మీదే చెబుతాను. నాకు భయమేంటి?" అన్నాను.

"వద్దు. అలా చెప్పకు." నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇష్టం లేదంటే మళ్ళీ ఏం కావాలి అంటారు. నా దగ్గర ఆన్సర్ లేదు. ఇన్నేళ్ళూ మేము తప్పు చేశామా అని డాడీ కూర్చుండిపోతారు. అది నేను చూడలేను."

"మరేం చెప్పమంటావు?"

"స్కోర్ డే రోజు ఏదో తక్కువ నంబర్ వచ్చిందని నేను చెప్తాను. అప్పుడు ఇంకోసారి రాయమంటారు. అప్పుడు నువ్వు మాట్లాడు. నువ్వు నాతో కూర్చుని చూశావు కదా, నువ్వు చెబితే నమ్ముతారు." కళ్ళనీళ్ళు లేవు. షాపులో మాట్లాడినప్పటిలాగే తిన్నగా చూస్తూ చెప్పింది. "దానికి బుర్ర లేదు, దానికి రాదు, ఇంక వదిలేయండి అని చెప్పు అమ్మమ్మా."